అమ్మ వాటా

ఆ మధ్య మా వీధిలో ఒకరింట్లో బారసాలకు పిలిస్తే వెళ్ళాను. ఆ అమ్మాయికి మూడో కాన్పు. మూడోసారీ ఆడపిల్లే. పిల్ల మాత్రం పుత్తడిబొమ్మలా ఉంది. ఉయ్యాలకు మల్లెదండలు కట్టారు. పేరంటాళ్ళు పాటలు పాడారు. పసుపు కుంకుమలిచ్చి, తాంబూలంతో పాటు నానబెట్టిన శనగలు కొంగులో పోస్తున్నారు. అంతా వేడుకగా సాగుతూంటే, ఒక పెద్దావిడ, పిల్ల నాన్నమ్మకు వరసకు అక్కగారట, పక్కావిడతో నిట్టూరుస్తూ, "మనవాడి విత్తనానికేం లోటు వదినా! నేలే అచ్చిరాలేదు" అంది.

బాలింతరాలు వినే ఉంటుంది. తల వంచుకుని, సరిగ్గానే ఉన్న ఉయ్యాల తాడును మళ్ళీ సవరిస్తూ కూర్చుంది.

నాకు ఏదో అనాలనిపించింది. శుభమా అని పిలిస్తే వచ్చి తగువు పెట్టుకోవడమెందుకని ఊరుకున్నాను. ఇంటికొచ్చి శనగలు గిన్నెలో పోస్తున్నా ఆ మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. అక్కడ అనలేకపోయిన జవాబు ఇక్కడ రాస్తున్నాననుకోండి. జవాబు కాస్త పొడుగే. దాన్ని కనుక్కోవడానికి మనుషులకు మూడు వందల ఏళ్ళు పట్టింది మరి!

నిజానికి ఆ మాట ఆవిడ సొంతమూ కాదు. పాపం, ఆవిడను ఎవరో అదే మాట అని ఉంటారు. తరతరాలుగా చేతులు మారుతూ వచ్చిన అరిగిపోయిన కాసు అది. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలో స్త్రీని క్షేత్రమనీ, పురుషుణ్ణి బీజమనీ అన్నారు. రెండింటిలోనూ బీజానిదే పైచేయి అని కూడా అన్నారు. ఇది మన దేశంలోనే పుట్టిన ఆలోచన అనుకునేరు! క్రీ.పూ. 458లో ఏథెన్సు నగరంలో ఆడిన ఒక నాటకంలో ఈస్కిలస్ మహాకవి సాక్షాత్తూ అపోలో దేవుడి చేతనే నిండు న్యాయసభలో ఇలా వాదింపజేశాడు: తల్లి బిడ్డను కన్నది కాదు, తండ్రి నాటిన మొలకను కాపాడే దాది మాత్రమేనని. ఆ తరువాతి శతాబ్దంలో అరిస్టాటిల్ ఇంకాస్త మెత్తగా చెప్పాడు. బిడ్డకు కావలసిన ముడిసరుకు తల్లిది, దానికి రూపం పోసే శక్తి తండ్రిది అన్నాడు. అంటే మట్టి అమ్మది, కుండ చేసిన ఘనత నాన్నది అన్నమాట.

దేవుళ్ళూ తత్త్వవేత్తలూ చెప్పిన తరువాత కాదనేదెవరు? కంటికి కనిపిస్తే కదా కాదనడానికి! కంటికి కనిపించే రోజు మాత్రం పదిహేడో శతాబ్దంలో హాలెండు దేశంలోని డెల్ఫ్ట్ అనే ఊళ్ళో వచ్చింది.

ఆ ఊళ్ళో ఆంటొనీ వాన్ లీవెన్‌హుక్ అని ఒక బట్టల కొట్టు యజమాని ఉండేవాడు. 1632లో పుట్టాడు. పెద్ద చదువులు లేవు. లాటిను రాదు, డచ్చి భాష తప్ప మరొకటి రాదు. ఆ రోజుల్లో బట్టల వర్తకులు నేత నాణ్యం చూడడానికి, పోగులు లెక్క పెట్టడానికి భూతద్దాలు వాడేవారు. ఈయన అంతటితో ఆగక, గాజును తానే అరగదీసి, చిటికెన గోరంత కూడా లేని కటకాలు తయారు చేసుకున్నాడు. వాటిలో మంచివి వస్తువును రెండు వందల యాభై రెట్లకు పైగా పెద్దది చేసి చూపించేవి. చెరువు నీళ్ళు, పంటి పాచి, తేనెటీగ ముల్లు, ఏది దొరికితే అది చూశాడు. మిరియం నాలుకను ఎందుకు చురుక్కుమనిపిస్తుందా అని 1676లో మిరియాలు నీళ్ళలో నానబెట్టి చూస్తే, కారానికి కారణం కనిపించలేదు గాని, ఆ నీళ్ళలో కదిలే సూక్ష్మజీవులు కనిపించాయి. వంటింటి వస్తువుతోనే ఒక కొత్త లోకం బయటపడింది!

అదే ఊళ్ళో రెనియర్ డి గ్రాఫ్ అని ఒక యువవైద్యుడు ఉండేవాడు. కుందేళ్ళను కోసి పరిశీలించి, 1672లో ఒక పుస్తకం అచ్చు వేశాడు. ఆడ జంతువుల కడుపులో ఉండే రెండు చిన్న గ్రంథులు ఊరికే లేవనీ, పక్షులకు గుడ్లున్నట్టే వాటిలోనూ గుడ్లున్నాయనీ అందులో రాశాడు. ఆయన చూసినవి నిజానికి గుడ్లు కావు, గుడ్డును దాచుకున్న నీటిబుడగల్లాంటి తిత్తులు. లోపలి గుడ్డు ఆయన కంటికి అందలేదు. కాని దారి సరైనదే. లీవెన్‌హుక్ అనే ఆయన మా ఊళ్ళో ఉన్నాడు, ఈయన చూస్తున్న వింతలు చూడండి అని లండనులోని రాయల్ సొసైటీకి 1673లో ఉత్తరం రాసి పరిచయం చేసినది కూడా ఈ డి గ్రాఫే. ఆ ఏడాదే, ముప్పై రెండేళ్ళ వయసులో, ఆయన చనిపోయాడు.

నాలుగేళ్ళు తిరిగేసరికి, 1677లో, లీవెన్‌హుక్ కటకం కింద తోకలతో ఈదే శుక్రకణాలు కనిపించాయి. ఆ సంగతి రాయల్ సొసైటీకి రాయడానికి పాపం ఆయన ఎంతో మొహమాటపడ్డాడు. ఇది పెద్దలకు అసభ్యంగా తోస్తే అచ్చు వేయకండి అని కూడా రాశాడు. మొహమాటం తీరాక మాత్రం ఆయన ధోరణే మారిపోయింది. ఇంకేముంది, బిడ్డ అంతా ఇందులోనే ఉంది, తల్లి చేసేదల్లా దాన్ని పోషించడమే అని తీర్మానించేశాడు. తనను లోకానికి పరిచయం చేసిన డి గ్రాఫ్ మాటనే కొట్టిపారేశాడు!

ఎందుకంటారా? శుక్రకణం కనిపించింది, కదిలింది. అమ్మ గుడ్డు కనిపించలేదు. కనిపించనిది లేనట్టే లెక్క. ఇంట్లో ఆడవాళ్ళు చేసే పని సంగతీ ఇంతే కదా!

1694లో హార్ట్‌సూకర్ అనే మరో డచ్చి పండితుడు, శుక్రకణాన్ని ఇంకా బాగా చూడగలిగితే ఇలా ఉంటుందేమోనని ఒక బొమ్మ గీశాడు. పెద్ద తలలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న బుల్లి మనిషి! ఆయన చూశానని అనలేదు, ఊహించానన్నాడు. కాని బొమ్మకున్న బలం మాటకుండదు. తల్లి గర్భం అద్దె ఇల్లు మాత్రమేనని నమ్మేవారికి ఆ బొమ్మ ఒక పటంలా దొరికింది.

విచిత్రమేమిటంటే, సరిగ్గా అదే 1694లో జర్మనీలోని ట్యూబింగెన్ పట్టణంలో కమెరారియస్ అనే ఆయన మొక్కల మీద చేసిన ప్రయోగాల గురించి ఒక ఉత్తరం అచ్చు వేశాడు. ఆయన ఎన్నుకున్న మొక్కల్లో ఒకటి మన ఆముదం చెట్టు. ఆముదం గెలలో మగపువ్వులు వేరు, ఆడపువ్వులు వేరు. మగపువ్వులు విచ్చకముందే తుంచేసి చూశాడు. కాయ కాసింది గాని లోపల పనికొచ్చే గింజ కట్టలేదు, తాలు. అంటే మగపువ్వు పుప్పొడి, ఆడపువ్వులోని అండం, రెండూ కలిస్తేనే విత్తనం అవుతుందన్నమాట.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. విత్తనం తండ్రిది, నేల తల్లిది అంటాం. కాని విత్తనమంటే ఏమిటి? అప్పటికే తల్లీ తండ్రీ కలిసి కన్న బిడ్డ! నా గిన్నెలో నానుతున్న శనగగింజలో అమ్మ పువ్వూ ఉంది, నాన్న పుప్పొడీ ఉంది. రైతు దాన్ని నేలలో వేస్తున్నాడంటే ఒక బిడ్డను ఉయ్యాలలో పడుకోబెడుతున్నాడన్నమాట. రెండు వేల ఏళ్ళ ఆ సామెత మొదట తప్పిందే పొలంలో!

కాని మనుషుల సంగతి తేలాలంటే అమ్మ గుడ్డు కంటికి కనపడాలి. దానికి డి గ్రాఫ్ తరువాత మరో నూట యాభై ఏళ్ళు పట్టింది. 1827లో కార్ల్ ఎర్నెస్ట్ వాన్ బేర్ అనే శాస్త్రజ్ఞుడు కోనిగ్స్‌బర్గ్ పట్టణంలో పని చేస్తున్నాడు. ఆయన సహోద్యోగి ఒకాయన తన ఇంటి కుక్కను పరిశోధనకు ఇచ్చాడు. దాని అండాశయంలోని తిత్తిలో పసుపుపచ్చని చుక్క ఒకటి బేర్ కంటికి ఆనింది. దాన్ని మెల్లిగా తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి, పిడుగు పడ్డట్టు వెనక్కి తగ్గాడట. మళ్ళీ కన్ను ఆనించడానికి ధైర్యం కూడదీసుకోవలసి వచ్చిందని తరువాత రాసుకున్నాడు. పాలిచ్చి పెంచే జంతువుల గుడ్డును మొదటిసారి చూసిన మనిషి ఆయనే.

మనిషి అండం ఇంచుమించు మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది. కాగితం మీద కలం ముల్లు తగిలితే పడే చుక్క కంటే చిన్నది. అయినా మన ఒంట్లోని కణాల్లో అతి పెద్దవాటిలో అదొకటి. మామూలు కంటికి లీలగా కనిపించగలిగేది అదొక్కటే అన్నా తప్పులేదు. శుక్రకణం దాని ముందు వేల రెట్లు చిన్నది. అంత పెద్దది దొరకకుండా అంత చిన్నది ముందు దొరకడమే వింత!

కణం అన్నాను కదా, ఆ మాట సంగతి కూడా చెప్పాలి. 1665లో లండనులో రాబర్ట్ హుక్ అనే ఆయన సీసా బిరడాకు వాడే బెండును పలచగా కోసి సూక్ష్మదర్శినిలో చూశాడు. తేనెపట్టులో గదుల్లాగా వరసగా ఖాళీ గదులు కనిపించాయి. వాటికి చిన్న గది అని అర్థం వచ్చే సెల్ అనే పేరు పెట్టాడు. ఆయన చూసినవి చచ్చిపోయిన కణాల గోడలు మాత్రమే, కాపురాలు లేచిపోయిన ఇళ్ళు. బతికున్న కాపురం తరువాత కనిపించింది. 1831లో రాబర్ట్ బ్రౌన్ ఆర్కిడ్ మొక్కల కణాల్లో ఒక గుండ్రని మచ్చ చూసి దానికి కేంద్రకం అని పేరు పెట్టాడు. 1838లో ష్లైడెన్ మొక్కలన్నీ కణాలతోనే కట్టినవన్నాడు. మరుసటి ఏడాది ష్వాన్, జంతువులూ అంతే, గుడ్డు కూడా ఒక కణమే అన్నాడు. 1855లో విర్షో అసలు సూత్రం చెప్పాడు. ఏ కణమైనా ఇంకో కణం నుంచే పుడుతుంది, గాలిలోంచి పుట్టదు అని.

ఆ కాపురం ఎలా ఉంటుందో ఇప్పుడు మన పిల్లల పుస్తకాల్లో బొమ్మలు గీసి ఉంటాయి. పైన పలచని పొర. అది గోడలా గట్టిగా ఉండదు, గుమ్మంలో కూర్చున్న పెద్దమ్మలా ఎవరిని లోపలికి రానివ్వాలో, ఎవరిని బయటికి పంపాలో చూస్తుంది. లోపల చిక్కటి గంజిలాంటి కణద్రవ్యం. మధ్యలో కేంద్రకం. ఏ మాంసకృత్తు ఎలా తయారు కావాలో రాసిపెట్టిన కాగితాలన్నీ దాచిన ఇనప్పెట్టె లాంటిది అది. ఆ కాగితాల కట్టలే క్రోమోజోములు. కణద్రవ్యంలో చిన్న చిన్న కార్ఖానాలు: మాంసకృత్తులు అల్లే రైబోజోములు, వాటిని సర్ది పొట్లాలు కట్టే గాల్జీ సంచులు, చెత్త అరగదీసే లైసోజోములు, పొయ్యిల్లాంటి మైటోకాండ్రియా. ఈ పొయ్యిల సంగతి మళ్ళీ చెబుతాను, గుర్తుంచుకోండి.

మరి గుడ్డూ ఒక కణమే, శుక్రకణమూ ఒక కణమే అయితే రెండూ కలిసినప్పుడు ఏం జరుగుతుంది? 1875లో ఆస్కార్ హెర్ట్‌విగ్ అనే జర్మను యువకుడు మధ్యధరా సముద్ర తీరంలో కూర్చుని, ఒళ్ళంతా ముళ్ళుండే బంతిలాంటి ఒక సముద్రప్రాణి గుడ్లను పరిశీలించాడు. ఆ గుడ్లు అద్దంలా పారదర్శకంగా ఉంటాయి. శుక్రకణం కలిశాక గుడ్డు లోపల ఒకటికి రెండు కేంద్రకాలు కనిపించాయి. ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. అవి మెల్లిగా దగ్గరికి జరిగి, ఆనుకుని, ఒకటైపోయాయి. సూక్ష్మదర్శిని కింద జరిగిన ఆ పెళ్ళికి సాక్షి హెర్ట్‌విగ్ ఒక్కడే!

పెళ్ళయితే అయింది, ఎవరు ఎంత తెచ్చారు? లెక్క తేల్చినది 1883లో బెల్జియం శాస్త్రజ్ఞుడు వాన్ బెనెడెన్. ఆయన లెక్క చూసినది ఎక్కడో తెలుసా? గుర్రాల పేగుల్లో ఉండే ఏలికపాము గుడ్లలో. వాటిలో క్రోమోజోములు నాలుగే కనుక లెక్క పెట్టడం తేలిక. చూస్తే తల్లివి రెండు, తండ్రివి రెండు. సరిసమానం! మట్టి ఒకరిది, రూపం మరొకరిది కాదు. దస్తావేజు మీద సంతకాలు ఇద్దరివీ ఉన్నాయి, పక్కపక్కనే, ఒకే సైజులో. మనిషిలో ఆ కట్టలు 46 అనీ, అమ్మవి 23, నాన్నవి 23 అనీ ఖాయంగా తేలడానికి మాత్రం 1956 దాకా ఆగవలసి వచ్చింది.

అమ్మ వాటా సగమని తేలింది. కాని పెద్దావిడ మాటలోని అసలు ముల్లు ఇంకా అలాగే ఉంది కదా, ఆడపిల్ల అవడం ఎవరి వల్ల?

ఆ ముల్లు తీసినది ఒక ఆడది. అమెరికాలో నెటీ స్టీవెన్స్ అని ఒకావిడ ఉండేది. 1861లో పుట్టింది. ఏళ్ళ తరబడి బడిపంతులమ్మగా పని చేసి, డబ్బు కూడబెట్టుకుని, ముప్పై ఐదేళ్ళ వయసులో మళ్ళీ విశ్వవిద్యాలయంలో విద్యార్థినిగా చేరింది. 1903లో డాక్టరేటు తీసుకునేనాటికి నలభై దాటాయి. అప్పటికి శాస్త్రజ్ఞులలో ఎక్కువమంది నమ్మకమేమిటంటే, ఆడా మగా తేలేది గర్భం లోపలి పరిస్థితుల వల్ల, తిండి వల్ల, వేడి చలవల వల్ల అని. అంటే పండితులు కూడా పెద్దావిడ పక్షమే!

స్టీవెన్స్ ఎన్నుకున్నది నిలవ పిండిలోను, ధాన్యంలోను పడే ఒక పురుగును. మనమైతే చాటలో పోసి చెరిగి పారేస్తాం. ఆవిడ దాని కణాలకు రంగు పట్టించి, సూక్ష్మదర్శిని కింద క్రోమోజోములు ఒక్కొక్కటే లెక్కపెట్టింది. ఆడపురుగు కణాల్లో 20 ఉన్నాయి, అన్నీ పెద్దవే. మగపురుగులోనూ 20 ఉన్నాయి గాని, 19 పెద్దవి, ఒకటి బాగా చిన్నది. గుడ్లన్నిటిలోనూ పెద్దవి పదే. శుక్రకణాలు మాత్రం రెండు రకాలు. సగానికి పది పెద్దవి, మిగతా సగానికి తొమ్మిది పెద్దవీ ఒక చిన్నదీ. మొదటి రకం కలిస్తే ఆడ, రెండో రకం కలిస్తే మగ. 1905లో ఆవిడ ఈ సంగతి అచ్చు వేసింది. అదే ఏడాది ఎడ్మండ్ విల్సన్ అనే ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు విడిగా ఇలాంటి పరిశోధనే ప్రకటించాడు. పాఠ్యపుస్తకాల్లో చాలాకాలం ఆయన పేరే ముందు వచ్చింది. స్టీవెన్స్ 1912లో, రొమ్ము క్యాన్సరుతో, యాభై ఏళ్ళకే కన్ను మూసింది.

మనుషుల్లోనూ అంతే. ఆ పెద్దదానికి ఎక్స్ అని, చిన్నదానికి వై అని తరువాత పేర్లు పెట్టారు. అమ్మ దగ్గర ఉన్నవి రెండూ ఎక్స్‌లే. కొడుక్కయినా కూతురికయినా ఆవిడ ఇవ్వగలిగింది ఎక్స్ ఒక్కటే. వై ఉంటే నాన్న దగ్గర ఉండాలి. కనుక నేల అచ్చిరాకపోవడమన్న ప్రశ్నే లేదు. అలాగని మగవాళ్ళ మీద నింద వేయడానికి నేనిది రాయడం లేదు. ఏ శుక్రకణం ముందు చేరుతుందో ఆయన చేతిలో మాత్రం ఉందా? రూపాయి బిళ్ళ ఎగరేసినట్టే. బొమ్మ పడ్డా బొరుసు పడ్డా బిళ్ళదేం తప్పు, ఎగరేసిన చేతిదేం తప్పు?

ఇంత సంగతి 1905లోనే తెలిసినా, కడుపులో ఉన్నది ఆడపిల్లో మగపిల్లవాడో చెప్పడం నేరమని 1994లో మన పార్లమెంటు చట్టం చేయవలసి వచ్చింది. తెలియడం వేరు, మనసుకు ఎక్కడం వేరు.

ఇక పొయ్యిల సంగతి. వాన్ బెనెడెన్ లెక్క ప్రకారం అమ్మా నాన్నా చెరి సగం అన్నాం. అది కేంద్రకం లోపలి మాట. దాని బయట, కణద్రవ్యంలో లెక్క వేరు. శుక్రకణం తేలిగ్గా ప్రయాణం చేసే బాటసారి. కాగితాల కట్ట, ఈదడానికి తోక, దానికి కావలసిన కాసిని మైటోకాండ్రియా తప్ప ఇంకేమీ తెచ్చుకోదు. కణం తాలూకు కాపురం సామానంతా, ఉప్పూ పప్పూ దగ్గరనుంచి, అండానిదే. బిడ్డ కణం విడిపోతూ మొదటి రెండు మూడు రోజులు బతికేది అమ్మ గుడ్డులో ముందే సర్ది పెట్టిన సరుకుల మీదా, అమ్మ రాసిపెట్టి ఉంచిన ఆజ్ఞల మీదా. కొత్త కాపురం సొంత కాగితాలు విప్పి చదువుకోవడం ఆ తరువాతే మొదలవుతుంది.

మైటోకాండ్రియా చేసే పని మన వంటింటి పొయ్యి పనే. మనం తిన్న అన్నాన్ని, పీల్చిన ప్రాణవాయువుతో నెమ్మదిగా మండించి, ఆ శక్తిని ఏటీపీ అనే పదార్థంగా నిలవ చేస్తాయి. కణంలో ఏ పని జరగాలన్నా చెల్లే చిల్లర నాణెం ఈ ఏటీపీయే. కండ కదలాలన్నా, మెదడు తలచుకోవాలన్నా అదే ఖర్చవుతుంది. దీన్ని కనుక్కున్నవారిలో మన తెలుగువాడు ఒకరున్నారని చెప్పకపోతే నా కలం ఒప్పుకోదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అమెరికాలో హార్వర్డులో ఫిస్క్ అనే ఆచార్యుడితో కలిసి పని చేస్తూ, 1929లో కండరాలలో ఏటీపీ ఉన్నదని ప్రకటించారు. అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నాడు. మనం వేసే ప్రతి అడుగులోనూ ఖర్చయ్యే నాణెం మీద ఒక భీమవరం పేరు ఉందన్నమాట.

ఈ పొయ్యిలకు ఇంకో విశేషం ఉంది. ఇంటి కాగితాలన్నీ కేంద్రకంలోనే ఉంటాయనుకుంటే, 1963లో మైటోకాండ్రియాలకు సొంత కాగితం, అంటే సొంత డీఎన్ఏ, వేరే ఉందని కనిపించింది. ఎప్పుడో కోట్ల ఏళ్ళ కిందట ఇవి విడిగా బతికిన సూక్ష్మజీవులనీ, ఇంకో కణంలోకి వచ్చి చేరి, చివరికి ఇంటివారైపోయాయనీ, తరువాత లిన్ మార్గులిస్ పేరుతో ప్రసిద్ధురాలైన శాస్త్రజ్ఞురాలు 1967లో వివరించింది. అతిథిగా వచ్చి, పొయ్యి దగ్గర చేరి, ఇల్లు నిలబెట్టడం! ఏ కోడలికి తెలియని కథ ఇది?

శుక్రకణంతో వచ్చిన కాసిని మైటోకాండ్రియాలను అండం మామూలుగా ఉండనివ్వదు, వెతికి నాశనం చేస్తుంది. కాబట్టి మన ఒంట్లో ఉన్న మైటోకాండ్రియా అన్నీ అమ్మ ఇచ్చినవే. అమ్మకు అమ్మమ్మ ఇచ్చింది, అమ్మమ్మకు ఆవిడ అమ్మ ఇచ్చింది. కొడుకులకూ అందుతాయి గాని కొడుకుల దగ్గర ఆగిపోతాయి, కూతుళ్ళ ద్వారానే ముందుకు సాగుతాయి. మనకు ఇంటిపేరు నాన్నవైపు నుంచి వస్తుంది, గోత్రమూ అంతే. పెళ్ళయితే ఆడపిల్లకు రెండూ మారిపోతాయి. ఆడవాళ్ళ వంశవృక్షం ఎవరు రాశారు? నాకు మా అమ్మమ్మ పేరు తెలుసు, ఆవిడ తల్లి పేరు తెలుసు, ఆపైన చీకటి. ఏ కాగితం మీదా లేని ఆ వరసను ఒక్కొక్క కణంలోనూ, పొయ్యి పక్కన, ఎవరో పదిలంగా దాచిపెట్టారు.

ఇది కవిత్వమనుకునేరు. దీనితో నిజంగా పిల్లలు ఇల్లు చేరారు. దక్షిణ అమెరికాలోని అర్జెంటీనాలో 1976 నుంచి 1983 దాకా సైనిక పాలన నడిచింది. వేలాది మందిని పట్టుకుపోయి మాయం చేశారు. వారిలో గర్భిణులున్నారు, చంటిబిడ్డల తల్లులున్నారు. చెరలో ప్రసవించిన తల్లులను చంపి, బిడ్డలను వేరేవాళ్ళకు ఇచ్చేశారు. అలాంటి పిల్లలు ఐదు వందల మంది దాకా ఉంటారని అంచనా. ఆ పిల్లల అమ్మమ్మలు, నాన్నమ్మలు 1977లో ఒక సంఘంగా చేరి, ప్లాజా డి మాయో అనే కూడలిలో నిలబడి, మా మనవలెక్కడ అని అడగడం మొదలుపెట్టారు.

పిల్లవాణ్ణి చూసి, వీడు నా కూతురి బిడ్డే అని అమ్మమ్మకు తెలియవచ్చు. కాని న్యాయస్థానం ఒప్పుకోవాలి కదా! కన్నవాళ్ళిద్దరూ లేరు. పరీక్ష దేనితో చేస్తారు? ఆ ప్రశ్న పట్టుకుని వాళ్ళు దేశదేశాల శాస్త్రజ్ఞుల తలుపులు తట్టారు. 1984లో మేరీ క్లెయిర్ కింగ్ అనే అమెరికా శాస్త్రజ్ఞురాలు వాళ్ళతో చేయి కలిపింది. మొదట రక్తపరీక్షలు, ఆ తరువాత మైటోకాండ్రియా డీఎన్ఏ. తల్లి లేకపోయినా అమ్మమ్మ ఉంటే చాలు, అమ్మమ్మ లేకపోతే పెద్దమ్మో పిన్నమ్మో ఉన్నా చాలు. వాళ్ళదీ బిడ్డదీ ఒకే వరస. 1987లో ఆ దేశం ఈ కుటుంబాల రక్తనమూనాలు దాచే ఒక జాతీయ నిధినే ఏర్పాటు చేసింది. మైటోకాండ్రియాతోనూ, నాన్నమ్మల వైపు పనికొచ్చే ఇతర పరీక్షలతోనూ, ఇప్పటికి 130 మందికి పైగా మనవలు తామెవరో తెలుసుకున్నారు.

ఆ దేశపు భాషలో అమ్మమ్మకూ నాన్నమ్మకూ ఒకటే మాట. మన తెలుగులో రెండు వేరు వేరు మాటలున్నాయి. కణం కూడా తెలుగులాగే రెంటినీ వేరుగా గుర్తుపెట్టుకుంటుంది!

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. ఆడపిల్ల పుట్టేనాటికే ఆమె అండాలన్నిటికీ మూలకణాలు ఆమె ఒంట్లో తయారై ఉంటాయి. పది లక్షలకు తక్కువ కాకుండా ఉంటాయంటారు. అంటే నన్ను కన్న అండం మా అమ్మ ఇంకా మా అమ్మమ్మ కడుపులో ఉన్నప్పుడే తయారయింది. మా అమ్మమ్మ తిన్న తిండిలో నా వాటా కూడా ఉందన్నమాట.

మొన్న శుక్రవారం ఆ బాలింతరాలిని చూడడానికి మళ్ళీ వెళ్ళాను. పెద్దావిడ ఊరు వెళ్ళిపోలేదు, మనవరాలికి ఒళ్ళు నలుస్తూ కూర్చుంది. శనగలు, శుక్రకణాలు ఆవిడతో ఏం మాట్లాడను? కాని ఈసారి ఊరుకోలేదు. "పిన్నిగారూ! ఈ పిల్ల తనకు పుట్టబోయే బిడ్డల విత్తనం పుట్టేటప్పుడే వెంట తెచ్చుకుందట తెలుసా? వాళ్ళ అమ్మ కూడా అలాగే మీ ఇంటికి తెచ్చిందట" అన్నాను.

ఆవిడ నలుగు పెట్టే చెయ్యి ఆపి, నావైపు చూసింది. "విత్తనం ఆడదాని దగ్గరుంటుందా? ఎవరు చెప్పారే?" అంది.

"చాలామంది చూసి చెప్పారండీ. మూడు వందల ఏళ్ళు పట్టింది" అన్నాను.

ఆవిడ ఏమీ అనలేదు. కాసేపటికి, పిల్ల అరికాళ్ళు రుద్దుతూ, నాతో కాదు, పిల్లతోనే అన్నట్టు, "నన్నూ మా అత్తగారు నలుగురు కూతుళ్ళకీ అదే మాట అందే" అంది.

బాలింతరాలు వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. ఈసారి తల వంచుకోలేదు.